నీటి క్రిందికి పోవువారి ప్రయాణపు మూట

(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

సముద్రమునకు ఇంత దూరమున, వేసవి వచ్చినచో త్రాగునీటికే వెదకుకొను ఈ మండికల్లు సీమలో నిలిచి, సముద్రము క్రింద ఈదువారికి కావలసిన సామగ్రినిగూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. నిరుడు ఇదే వేదికమీద మా నేత్రాణి యాత్రను వర్ణించినప్పుడు, వెనుక వరుసలోని పెద్దలొకరు "చేద మునిగేంత నీళ్ళు బావిలో లేవు, వీళ్ళు సముద్రంలో మునిగొచ్చినారంట!" అని నవ్విన మాట మా చెవిని పడినది. ఆ మాటలో నిజము లేకపోలేదు. మేమును నవ్వుకొంటిమి.

కాని సభ ముగిసిన పిదప తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాకడకు వచ్చి అడిగిన ప్రశ్నకు మాత్రము నవ్వు రాలేదు. "సార్, అంత దుడ్డు పెట్టి ఆ సామాను ఎందుకు? మా మామ దగ్గర బోరు క్లీను చేసే కంప్రెసరు ఉంది. దాని పైపు నోట్లో పెట్టుకొని క్వారీ గుంతలో దిగితే చాలదా?" అని ఆతడడిగెను. తెలివిగల బాలుడు. తేలికయైన సామగ్రి కావలెనన్న కోరిక న్యాయమైనదే. కాని ఏది తేలిక చేయవచ్చును, ఏది చేయరాదు అన్న విచక్షణ లేనిచో ఆ తెలివియే ప్రాణము మీదికి తెచ్చును. నాడు తొందరలో "వద్దు నాయనా" అని మాత్రము చెప్పి పంపితిమి. ఏల వద్దో చెప్పలేదు. ఆ లోపమును తీర్చుకొనుటకే ఈ సంవత్సరము ఈ విషయమును ఎన్నుకొంటిమి.

మేమనగా ఈ పాఠశాలలో చదువుకొని, నేడు వేర్వేఱు ఉద్యోగములలో నున్న నలుగురము. మాలో సముద్రతీరమున పుట్టినవారెవ్వరును లేరు. అందఱమును బావులలో ఈత నేర్చినవారమే. నాటి కపిలబావులు నేడు పెక్కు పూడిపోయినవి. ఉన్నవానిలో నీరు లేదు. వేయి అడుగులు దాటిన బోరు బావులు వాని స్థానమును ఆక్రమించినవి. ఆ బావులలో మాకు పెద్దలు కట్టిన పరికరములు రెండే: ఎండిన సొరకాయ బుఱ్ఱ, బెండ్ల కట్ట. చేతిలో పట్టుకొన్నచో బరువే తెలియదు. అయినను దానిని కట్టుటకు ముందు పెద్దవారు బుఱ్ఱను నీటిలో ముంచి, రెండు చేతులతో అదిమి పట్టి, బుడగలు వచ్చుచున్నవేమో చూచెడివారు. ఒక్క బుడగ వచ్చినను ఆ బుఱ్ఱను అవతల పాఱవేసెడివారు. ఎన్నియో వేల రూపాయలు పోసి కొన్న పరికరములను నేడు మేము పరీక్షించు పద్ధతియు సరిగా అదియే.

నీటి క్రింద ఊపిరి పీల్చుట మన పూర్వుల ఊహకు అందని విషయము కాదు. దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగిన కథ మన పల్లెలలో భారత కథాకాలక్షేపము వినిన ప్రతి బాలునకును తెలియును. ఆ విద్యకు సామగ్రి అక్కఱ లేకపోయెను. మనకు మాత్రము అక్కఱ కలిగినది. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున నావికాధికారి జాక్ ఈవ్ కుస్తోయు, యంత్రశిల్పి ఎమిల్ గాన్యానును కలిసి నేటి స్కూబా పరికరమునకు మూలమైన కవాటమును సిద్ధము చేసిరి. యుద్ధకాలమున పెట్రోలు దొరకక మోటారు కార్లను వాయువుతో నడపుటకై గాన్యాను కల్పించిన కవాటమే దానికి ఆధారము. సిలిండరులోని గాలి ఎల్లప్పుడును వెడలిపోక, మనిషి పీల్చినపుడు మాత్రమే, అతడున్న లోతులోని నీటి ఒత్తిడికి సరిపోవునంత ఒత్తిడితో వచ్చుట అందలి విశేషము.

ఈ "ఒత్తిడికి సరిపోవునంత" అన్న మాటను విద్యార్థులు గట్టిగా పట్టుకొనవలెను. సముద్రములో ప్రతి 10 మీటర్లకును వాతావరణపు ఒత్తిడి యంత ఒత్తిడి అదనముగా చేరును. పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు, ఇరువది మీటర్ల లోతున మూడింతలు. బావిలో దమ్ము పట్టి మునుగు బాలుడు పైనుండి తెచ్చుకొన్న గాలినే లోన ఉంచుకొనును. అది లోతున కుంచించుకొని, పైకి వచ్చునప్పుడు మఱల మొదటి పరిమాణమునకు వచ్చును. అందువలన అపాయము లేదు. స్కూబాతో మునిగినవాడు అట్లు గాక, ఆ లోతుననే నిండు గాలి పీల్చును. పది మీటర్ల లోతున 6 లీటర్ల గాలిని పీల్చి, దమ్ము బిగబట్టి పైకి వచ్చినచో అది 12 లీటర్లు కావలెను. రొమ్ములో అంత చోటు లేదు. ఊపిరితిత్తులు చినుగును. నాలుగైదు అడుగుల లోతునుండి పైకి వచ్చినను ఈ హాని కలిగిన సందర్భములు కలవు.

మా నలుగురిలో ఒక మిత్రుడు బావి అడుగునుండి నాణెము తెచ్చుటలో పేరుపొందినవాడు. దమ్ము పట్టుటలో ఆయనకు సాటి లేరు. బెంగళూరులోని ఒక ఈత కొలనులో మొదటి శిక్షణనాడు, పట్టుమని మూడు మీటర్ల లోతు లేని నీటిలో, ఆయన చిన్ననాటి అలవాటు చొప్పున నిండు ఊపిరి పీల్చి, పెదవులు బిగించి పైకి లేచెను. శిక్షకుడు ఆయన చొక్కా పట్టి క్రిందికి గుంజి, బుడగలు వదలుమని గట్టిగా సైగ చేసెను. ఒడ్డునకు వచ్చిన తరువాత ఆ శిక్షకుడు మాతో, ఈత రానివారికి నేర్పుట తేలిక, దమ్ము పట్టుట వచ్చినవారికి దానిని మఱపించుట కష్టము, అని చెప్పెను. బావి యీతలో మనకు గొప్పయైనదే ఇచ్చట శత్రువు. ఊపిరిని ఎన్నడును ఆపరాదు.

ఇక ఆ బాలుని కంప్రెసరు మాట. బోరు బావులను శుభ్రపఱచు యంత్రము గాలిని కొట్టుటకు చేసినది గాని, మనిషి పీల్చుటకు గాలిని సిద్ధము చేయుటకు చేసినది కాదు. దాని గాలిలో నూనె ఆవిరి చేరును. ప్రక్కనే తిరుగు డీసెలు ఇంజను పొగయు ఆ గాలితోడనే లోనికి పోవును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. దానికి వాసన లేదు, రంగు లేదు. నీటి ఒత్తిడిలో దాని ప్రభావము హెచ్చును. మనిషి నొప్పి తెలియకయే స్పృహ తప్పును. అంతయు గాక, గొట్టము జాఱినను, యంత్రము ఆగినను లోపలివాడు భయముతో దమ్ము బిగబట్టి పైకి ఉఱుకును. తరువాత ఏమగునో ఇప్పుడే చెప్పితిమి. క్వారీ గుంతలు అంచులు నిటారుగా, అడుగు తెలియక ఉండును. పరికరము ఉన్నను లేకున్నను వానిలో దిగవలదు.

సరే, తగిన శిక్షణ పొంది, తగిన వయస్సు వచ్చి (శిక్షణ సంస్థలు సాధారణముగా పది సంవత్సరములు నిండనివారిని చేర్చుకొనవు), వైద్యుని అనుమతితో సముద్రమునకు పోవువాడు మూటలో ఏమి కట్టుకొనవలయును? మా అనుభవము రెండు యాత్రలది. మొదటిది అవివేకపు యాత్ర.

నేత్రాణి అనునది ఉత్తర కన్నడ జిల్లా మురుడేశ్వరమునకు షుమారు 19 కిలోమీటర్ల దూరమున, అరేబియా సముద్రములో నున్న చిన్న దీవి. వర్షాకాలము గడచిన తరువాత అక్టోబరు మొదలు మే వఱకు అచ్చటికి పడవలు పోవును. చిక్కబళ్ళాపురము బస్సు, బెంగళూరు నగరములో మఱి రెండు బస్సులు, రాత్రి రైలు, తెల్లవాఱి ఆటో, పిదప పడవ. మూటను ఎన్ని మారులు ఎత్తి దింపవలసివచ్చునో లెక్కింపుడు. మొదటి యాత్రలో ఒక్కొక్కరి సామాను మా పాఠశాల కాటాపై తూచితిమి. తేలుడు చొక్కా 4.2 కిలోలు, రెగ్యులేటరు గొట్టములతో సహా 3.3, కాలి రెక్కలు 2.4, వానికి తగిన బూట్లు 0.9, దళసరి రబ్బరు దుస్తు 2.6, మాస్కును గాలిగొట్టమును 0.5, చక్రముల పెట్టె 4.5. వెరసి 18.4 కిలోలు. ఇది చాలదన్నట్లు నాలుగు కిలోల సీసపు దిమ్మలు కూడ బెంగళూరులో కొని వెంట తీసికొనిపోయితిమి! మురుడేశ్వరమున పడవవారికడ అట్టి దిమ్మలు గంపలతో ఉండెను. తిరుపతికి పోవువాడు ఇంటినుండి లడ్లు కట్టుకొని పోయినట్లయినది మా పని.

రెండవ యాత్రకు అదే మనిషి మూట 9 కిలోలకు దిగినది. ఎట్లు దిగినదో చెప్పెదము.

మొదట సిలిండరు, సీసము అను రెండింటిని మూటనుండి తీసివేయవలెను. ఇవి అద్దెకు దొరకును, దొరకని చోటికి పోవనక్కఱ లేదు. మనవారు వాడు అల్యూమినియపు సిలిండరు షుమారు 11 లీటర్లది. ఖాళీదే 14 కిలోల బరువు. దానిలో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపినచో ఆ గాలియే రెండున్నర కిలోలకు పైగా తూగును. గాలికి బరువు కలదని పుస్తకములో చదివి పరీక్షలో వ్రాసి మఱచుచున్నాము. మునుగువాడు దానిని మఱచుటకు వీలులేదు. మునక ముగియువేళకు ఆ గాలి చాలవఱకు ఖర్చగును, మనిషి అంతమేర తేలికయై పైకి తేలిపోవును. అందుచేత సీసము ఎంత కావలెనో మునక మొదటిని బట్టి గాక చివరను బట్టి నిర్ణయింపవలెను. కొలనులో నేర్చిన లెక్కయు సముద్రమున చెల్లదు. ఉప్పునీరు మంచినీటికంటె షుమారు నూటికి రెండున్నర పాళ్ళు సాంద్రము. సామగ్రితో 90 కిలోలున్న మనిషికి రెండు కిలోలకు పైగా సీసము అదనముగా పట్టును. తొమ్మిదవ తరగతివారు ఆర్కిమిడీసు సూత్రముతో ఈ లెక్కను ఇంటికి పోయి వేసికొనవచ్చును.

తరువాత తేలుడు చొక్కా. దీనిని మునుగువారు బీ.సీ.డీ. అందురు. దీనిలోనికి గాలిని వదలియు తీసియు నీటిలో ఒకే మట్టమున నిలుతురు. దుకాణమున తొడిగి చూచినపుడు మెత్తని దిండ్లవంటి లోపలి పొరలుగల చొక్కాయే మనస్సును ఆకర్షించును. మేమును దానికే మోసపోయితిమి. ఆ మెత్తదనము నీటిలో దేనికిని పనికిరాదు, పైపెచ్చు తేలును. దానిని ముంచుటకు మఱికొంత సీసము కట్టవలెను. వెనుక గట్టి పలక లేక, మడతపెట్టుటకు వీలైన ప్రయాణపు చొక్కాలు రెండు, రెండున్నర కిలోలలో దొరకుచున్నవి. మాది 2.4 కిలోలు. మూటలోను తగ్గినది, నడుమునకు కట్టు సీసములోను తగ్గినది. కాని పలుచని చొక్కా కొనునప్పుడు కుట్లు, గాలి విడుచు మీటలు, సీసపు జేబుల పట్టీలు చూడవలెను. గాలి ఊది నీటిలో అదిమి చూడుడు. సొరబుఱ్ఱ పరీక్షయే.

రెగ్యులేటరు విషయమున మా మాట కొంచెము కఠినముగా నుండును. మూటలో తేలిక చేయరాని వస్తువు ఏదైన ఉన్నచో అది యిదియే. తేలికయైనవి లేకపోలేదు. దళసరి రబ్బరు గొట్టములకు బదులు అల్లిక గొట్టములు వేసి, చిన్న మొదటి దశ గలదానిని తీసికొని మేము 3.3 కిలోలనుండి 2.1కి దిగితిమి. అంతవఱకు సరియే. మా మిత్రుడొకడు ఇంకను తగ్గింపదలచి, రెండవ నోటికవాటమును తీసివేసిన ఏమి, అది ఊరకనే వ్రేలాడుచున్నది గదా, అనెను. ఆ వ్రేలాడు కవాటము తన కొఱకు కాదు. ప్రక్కవాని గాలి అయిపోయినప్పుడు వానికి ఇచ్చుటకు. దానిని విడిచివచ్చినవానితో మేము జతగా దిగము అని చెప్పితిమి. ఆయన మఱల తగిలించెను. గాలి ఒత్తిడిని చూపు గడియారమును తీసివేయుటయు ఇట్టిదే.

మఱియొక సంగతి. సిలిండరుకు తగిలించు కొస రెండు విధములు: బిగించు పట్టె గలది యొకటి, డిన్ అను మరచుట్టు గలది యొకటి. పోవుచోట నున్న సిలిండర్లకు మీ కొస పట్టకపోయినచో ఇంతదూరము మోసినది వృథా. ముందుగా వ్రాసి కనుగొనుడు, లేదా అరచేతిలో ఇమిడెడు మార్పు కొసను వెంట ఉంచుకొనుడు. ఏటేట విప్పి శుభ్రము చేయించవలసిన యంత్రమిది. కావున మన దేశమున విడిభాగములు దొరకని రకమును, అది ఎంత తేలికయైనను, కొనవలదు.

కాలి రెక్కలను ఫిన్నులందురు. వెచ్చని సముద్రములకు పోవువాడు పాదము పూర్తిగా దూర్చు పొట్టి రకమును ఎన్నుకొన్నచో బూట్ల బరువు మిగులును. మా జత 1.4 కిలోలు. పొడవు కూడ చూడవలెను. మా యందొకరు అండమానులలోని స్వరాజ్ ద్వీపమునకు (2018 వఱకు దాని పేరు హావ్‌లాక్) విమానమున పోయిరి. విమానములో సాధారణముగా 15 కిలోల సామానును, చేతిసంచిలో 7 కిలోలను అనుమతింతురు. చేతిసంచి 55 సెంటిమీటర్లు దాటరాదు. ఆయన రెక్కలు 62 సెంటిమీటర్లు. ఏడు సెంటిమీటర్ల కొఱకు అదనపు రుసుము చెల్లించి వచ్చెను. రైలులో ఈ బాధ లేదు. స్లీపరు తరగతిలో 40 కిలోల వఱకు ఊరకనే రానిత్తురు. కాని మోయునది మన భుజమే గదా!

విమానమున పోవువారు రెగ్యులేటరును, మాస్కును, మునక కంప్యూటరును చేతిసంచిలో ఉంచుకొనవలెను. కత్తి యున్నచో పెద్ద సంచిలో వేయవలెను. దీపపు విడి బ్యాటరీలు మాత్రము చేతిసంచిలోనే యుండవలెను.

రబ్బరు దుస్తు, అనగా వెట్‌సూటు, 5 మిల్లీమీటర్లదానికి బదులు 3 మిల్లీమీటర్లది మా సముద్రములకు చాలినది. ఇందులో ఎవ్వరును చెప్పని కష్టమొకటి కలదు. పోవునప్పుడు కిలోన్నర తూగిన దుస్తు తిరిగి వచ్చునప్పుడు తడిసి అంతకంతకు బరువెక్కును. బయలుదేరు రోజున ఉదయము మునుగరాదనుటకు ఇది చిన్న కారణము. పెద్ద కారణమును ముందు చెప్పెదము.

మాస్కు అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె ముందు కొనదగినది. అద్దె మాస్కు ఎవరి ముఖమునకో చేసినది. మా మొదటి మునకలో అద్దె మాస్కులోనికి నీరు చేరుచునే యుండుటచే మాలో ఒకరు చేపలను గాక తన కన్నీటినే చూచి వచ్చిరి. ముక్కును కప్పని ఈత కళ్ళద్దములు దీనికి పనికిరావు. లోతున ఒత్తిడిని సరిచేయుటకు ముక్కునుండి గాలి వదలవలెను; వదలనిచో కన్నులు నెత్తురు క్రమ్మును. కళ్ళజోడు వాడువారికి వారి శక్తికి తగిన అద్దములు అమర్చి ఇత్తురు. తూకము 300 గ్రాములు.

మునక కంప్యూటరు, గాలి ఊదగా నీటిపై నిలువుగా నిలిచి పడవవానికి మన జాడ తెలుపు ఎఱ్ఱ గుడ్డగొట్టము, ఈల: ఈ మూడును కలిపి అఱకిలో. ఇవి లేనిది పోవలదు. అలలలో మనిషి తల కొబ్బరికాయ అంత కూడ కనబడదు. చక్రముల పెట్టెను ఇంటనే విడిచి 800 గ్రాముల గుడ్డసంచిని పట్టితిమి. వెరసి తొమ్మిది కిలోలు.

ఇప్పుడు ఆ పెద్ద కారణము. మునిగినవాని నెత్తురులో నత్రజని కరగి చేరును. అది మెల్లగా వెడలిపోవుటకు గంటలు పట్టును. అంతలో ఎత్తునకు పోయినచో, సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలై కీళ్ళను, నరములను పీడించును. అందుచేతనే పలుమార్లు మునిగినవారు తక్కువలో తక్కువ 18 గంటలు విమానమెక్కరాదందురు. సముద్రతీరవాసులకు ఈ హెచ్చరిక విమానమునకే. మనకు అట్లు కాదు. చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు షుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మురుడేశ్వరమున మధ్యాహ్నము మునిగి సాయంకాలము ఇంటికి బయలుదేరినవాడు విమానమెక్కకయే కొండ యెక్కుచున్నాడు. విశాఖపట్టణపు ఋషికొండలో మునిగి రాత్రి అచ్చటనే తన యింట నిద్రించువానికి లేని నియమము మనకు కలదు. మేము చివరి మునక తరువాత ఒక పూర్తి దినము తీరమున గడపి, దుస్తులు ఎండబెట్టుకొని, మఱునాడు రైలెక్కితిమి. బడ్జెటులో ఈ ఒక్క రాత్రి బసను మొదటనే వ్రాసికొనుడు.

భాషనుగూర్చి మన సంఘము పెద్దలు తఱుచు ప్రశ్నింతురు గనుక ఒక మాట. పడవలో కన్నడము, హిందీ, ఇంగ్లీషు వినబడెను. మేము నలుగురము తెలుగు మాటలాడుకొంటిమి. నీటిలోనికి దిగిన తోడనే అందఱును మూగవారైరి, అందఱి భాషయు చేతి సైగలే యయ్యెను. నీటి క్రింద అల్పసంఖ్యాక భాష యనునది లేదు. అయితే ఒక్క జాగ్రత్త: బొటనవ్రేలు పైకెత్తుట ఇక్కడ "భేష్" అని అర్థమిచ్చును, అక్కడ "పైకి పోదము" అని. చేపను చూచి సంతోషముతో బొటనవ్రేలెత్తిన మా మిత్రుని శిక్షకుడు వెంటనే పైకి తీసికొనిపోయెను!

ఆ తొమ్మిది కిలోల సంచిని ఇచ్చట బల్లమీద విప్పి పెట్టితిమి. ప్రక్కన కాటా కలదు. సభ ముగిసిన తరువాత పిల్లలు వరుసగా వచ్చి ఒక్కొక్క వస్తువును తూచి చూచుకొనవచ్చును. మాస్కును ముఖమునకు ఆనించి, పట్టీ తగిలింపక, ముక్కుతో కొంచెము గాలి పీల్చి చేయి వదలుడు. అది పడక నిలిచినచో మీ ముఖమునకు సరిపోయినది. నిరుడు కంప్రెసరు మాట అడిగిన బాలుడు మూడవ వరుసలో కూర్చుండి యున్నాడు. మొదట ఆతడు రావలెనని కోరుచున్నాము.